గాలి తీసిందెవరు? డిఫ్లేట్‌గేట్‌పై ఒక లేబర్ లాయర్ కేస్ స్టడీ

2015 మే నెలలో ఒక రాత్రి మా తమ్ముడు బోస్టన్ నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వు రోజూ చేసేది డొమెస్టిక్ ఎంక్వయిరీ కేసులే కదా. ఒక రిపోర్టు పంపించాను, చదివి చెప్పు. మావాడికి చాలా అన్యాయం జరిగింది" అన్నాడు. వాళ్ల ఆఫీసులో ఎవరి ఉద్యోగమో ఊడిందనుకుని టెన్షన్ పడ్డాను. మెయిల్ తెరిస్తే 243 పేజీలు. మావాడంటే టామ్ బ్రాడీ. న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించే ఆటగాడు. ఆరోపణ ఏమిటంటే, బంతుల్లో గాలి తీయించాడని. ఈ గొడవకే డిఫ్లేట్‌గేట్ అని పేరు.

నేను హైదరాబాద్‌లో కార్మికుల తరఫున కేసులు నడుపుతాను. చార్జిషీటు, ఎంక్వయిరీ ఆఫీసర్, సాక్షులు, పనిష్మెంట్ ఆర్డర్, అప్పీలు... ఇవే నా రోజులు. ఆ ఆట రూల్సు నాకు ఇప్పటికీ సగమే తెలుసు. కానీ రిపోర్టులో కొంచెం ముందుకెళ్లేసరికి ఇది నాకు బాగా తెలిసిన బాపతు కేసే అనిపించింది. యజమాని, ఉద్యోగి, యూనియన్, ఒప్పందం. జీతమే కాస్త ఎక్కువ. ఆ తర్వాత ఏడాదికి పైగా తమ్ముడి పుణ్యమా అని ఈ కేసును ప్రతి వాయిదాకూ ఫాలో అయ్యాను. నన్ను కోర్టు తీర్పుల కంటే ఎక్కువగా ఆలోచింపజేసింది అభిమానుల గొడవ. కోర్టు ముందున్న ప్రశ్న ఒకటి, వాళ్లు కొట్టుకున్న ప్రశ్న మరొకటి.

బంతులు, గేజీలు

2015 జనవరి 18, మసాచుసెట్స్‌లోని ఫాక్స్‌బరో, జిలెట్ స్టేడియం. పేట్రియాట్స్‌కూ ఇండియానాపొలిస్ కోల్ట్స్‌కూ ఏఎఫ్‌సీ చాంపియన్‌షిప్ మ్యాచ్, అంటే సెమీఫైనల్ లాంటిది. ఎన్ఎఫ్ఎల్ అనే ఈ లీగ్‌లో ఏ జట్టు అటాక్ చేస్తుంటే ఆ జట్టు తెచ్చిన బంతులే వాడతారు. రూలు ప్రకారం బంతిలో పీడనం 12.5 నుంచి 13.5 పీఎస్ఐ మధ్య ఉండాలి. బ్రాడీకి మెత్తటి బంతి ఇష్టం కాబట్టి వాళ్లు 12.5కి నింపారు. కోల్ట్స్ 13కి అటూ ఇటూగా నింపుకున్నారు. కోల్ట్స్ ఫిర్యాదు చేయడంతో హాఫ్ టైమ్‌లో అంపైర్ల గదిలో బంతులు కొలిచారు. పేట్రియాట్స్‌వి 11 కొలిచేసరికి టైమ్ అయిపోవచ్చింది. కోల్ట్స్‌వి నాలుగే కొలిచారు.

ఇక్కడ కాస్త ఆగి లెక్క చూద్దాం. బోస్టన్ అభిమానులు రాత్రికి రాత్రి నేర్చుకున్న లెక్క ఇదే. బంతి నింపిన గదిలో దాదాపు 70 డిగ్రీల ఫారెన్‌హీట్, మైదానంలో దాదాపు 48. గేజి చూపించేది బయటి గాలి కన్నా లోపలి పీడనం ఎంత ఎక్కువ ఉందన్నది మాత్రమే. కాబట్టి 12.5కి వాతావరణ పీడనం 14.7 కలపాలి. 27.2 అవుతుంది. కెల్విన్‌లో చూస్తే ఉష్ణోగ్రత 294 నుంచి 282కి పడింది. అదే నిష్పత్తిలో 27.2ను తగ్గిస్తే 26.1. మళ్లీ 14.7 తీసేస్తే 11.4. అంటే ఎవరూ సూది పెట్టకుండానే చలికి ఒక పాయింటు పైన దిగిపోతుంది. చలికాలం పొద్దున్నే బండి టైరు మెత్తబడ్డట్టు.

మరి కొలిస్తే ఎంతొచ్చింది? రెండు గేజీలతో కొలిచారు. ఒకదాని సగటు 11.49, రెండోదాని సగటు 11.11. మొదటిది నమ్మితే చలి సరిపోతుంది, నేరం లేదు. రెండోది నమ్మితే ఎంతో కొంత గాలి ఎవరో తీసినట్టే. మ్యాచ్‌కి ముందు రిఫరీ ఏ గేజి వాడాడు? తనకు గుర్తున్నంతవరకు ఎక్కువ చూపించే గేజేనని ఆయన చెప్పాడు. లీగ్ నియమించగా రిపోర్టు రాసిన లాయర్ టెడ్ వెల్స్ మాత్రం ఆయన పొరబడ్డాడని, వాడింది రెండోదేనని తేల్చాడు. మ్యాచ్‌కి ముందు రీడింగులు ఎవరూ కాగితం మీద పెట్టలేదు. రిజిస్టరు లేకుండా స్టోర్‌రూమ్‌లో సరుకు తగ్గిందని చార్జిషీటు ఇచ్చే మేనేజర్లను నేను చాలామందిని చూశాను. ఇక్కడి కథా అదే.

అలాగని రిపోర్టు వట్టి గాలి కబుర్లని కూడా అనలేను. రిఫరీకి చెప్పకుండా లాకర్‌రూమ్ ఉద్యోగి ఒకడు రెండు బంతుల సంచులు పట్టుకుని దారిలో బాత్రూమ్‌లోకి దూరాడు. తలుపేసుకుని నిమిషం నలభై సెకన్లు లోపలున్నాడు. అదంతా కెమెరాలో ఉంది. అదే ఉద్యోగి అంతకుముందు సంవత్సరం మెసేజీలో తనను తాను "డిఫ్లేటర్" అని పిలుచుకున్నాడు. జట్టు తరఫున వచ్చిన జవాబు ఏమిటో తెలుసా? అది ఒళ్లు తగ్గించుకోవడం గురించి వాడిన మాటట! నేనైతే నా క్లయింట్ చేత ఆ జవాబు చచ్చినా ఇప్పించను. బలహీనమైన కేసులో ఒక్క నవ్వొచ్చే సంజాయిషీ చాలు, మిగతా తొమ్మిది మంచి పాయింట్లనూ ముంచేస్తుంది. మిగతా 31 జట్ల అభిమానులు పగలబడి నవ్వారు.

వెల్స్ తేల్చింది ఇది: ఇద్దరు ఉద్యోగులు గాలి తీసి ఉండటానికే అవకాశం ఎక్కువ, బ్రాడీకి కనీసం ఆ సంగతి స్థూలంగా తెలిసి ఉండటానికే అవకాశం ఎక్కువ. మే 11న శిక్ష ప్రకటించారు. బ్రాడీకి నాలుగు మ్యాచ్‌ల సస్పెన్షన్. జట్టుకు పది లక్షల డాలర్ల జరిమానా, 2016లో మొదటి రౌండు డ్రాఫ్ట్ పిక్, 2017లో నాలుగో రౌండు పిక్ రద్దు. డ్రాఫ్ట్ పిక్ అంటే కొత్త ఆటగాళ్లను ఎంచుకోవడానికి జట్టుకొచ్చే వంతు.

రెండు శిబిరాలు

బోస్టన్ చుట్టుపక్కల ఆ వేసవి ఎలా ఉందో తమ్ముడి ఫోన్లలోనే విన్నాను. "ఫ్రీ బ్రాడీ" టీషర్టులు, స్టేడియం దగ్గర ర్యాలీ, జట్టు జరిమానా కట్టేందుకు చందాల వసూలు. బిలియనీర్ ఓనరు కట్టాల్సిన జరిమానాకు జీతగాళ్లు చందాలేసుకోవడమేమిటని అడిగితే, "మనూళ్లో హీరో కటౌటుకి పాలు పోయడం లేదా అక్కా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

బయటి అభిమానులకు అసలు గేజీల గొడవే అక్కర్లేదు. వాళ్లకు 2007 గుర్తుంది. అప్పుడు ఎదుటి జట్టు కోచ్‌ల సైగలు వీడియో తీసి ఇదే జట్టు దొరికిపోయింది. కోచ్ బెలిచిక్‌కు అయిదు లక్షల డాలర్ల జరిమానా పడింది, మొదటి రౌండు పిక్ పోయింది. ఒకసారి దొరికినవాడు ఎప్పుడూ దొంగే అన్నది వాళ్ల లెక్క. దానికి తోడు మ్యాచ్ అయిన రెండు రోజులకే, 12 బంతుల్లో 11 బంతులు రెండేసి పాయింట్లు తక్కువున్నాయని టీవీల్లో వార్త వచ్చింది. తీరా రిపోర్టులోని అంకెలు చూస్తే ఒకే గేజి మీద ఒకే ఒక్క బంతి అంత తక్కువుంది. కానీ మొదట విన్న మాటే జనం నోట్లో ఉండిపోయింది. రిపోర్టు వచ్చాక ఎంతమంది ఆ పట్టిక తెరిచి చూసి ఉంటారు?

ఇలా ఒక వర్గం ఫిజిక్సు, ఇంకో వర్గం చరిత్ర మాట్లాడుతుంటే, నేను తమ్ముడికి ఒకటే చెప్పాను. "ఒరేయ్, ఆ రిపోర్టు పక్కన పెట్టు. యూనియన్ అగ్రిమెంటులో 46వ ఆర్టికల్ పంపించు."

46వ ఆర్టికల్

2011లో లాకౌట్ ముగిశాక లీగ్, ఆటగాళ్ల యూనియన్ కలిసి చేసుకున్న ఒప్పందం అది. ఆట నిజాయితీకి, ఆటపై జనానికున్న నమ్మకానికి దెబ్బ తగిలే ప్రవర్తనకు కమిషనర్ శిక్ష వేయవచ్చు. దాని మీద అప్పీలు వినేది కూడా కమిషనరే, లేదా ఆయన నియమించిన మనిషి. కమిషనర్ అంటే లీగ్ అధిపతి, రోజర్ గుడెల్. బ్రాడీకి వెళ్లిన శిక్ష ఉత్తరం మీద లీగ్ అధికారి ట్రాయ్ విన్సెంట్ సంతకం ఉన్నా, అది గుడెల్ అనుమతితో వెళ్లిందే. అప్పీలు వింటానని కూర్చున్నది కూడా గుడెలే. తప్పుకోమని యూనియన్ అడిగింది, ఆయన తప్పుకోలేదు.

"కొట్టినోడే పంచాయితీ చెబుతాడా?" అని తమ్ముడు మండిపడ్డాడు. చెబుతాడు, ఎందుకంటే మీ యూనియనే రాసిచ్చిందిరా అన్నాను. వాడు రెండు రోజులు ఫోన్ చేయలేదు.

పోలికకు నా సొంత కేసు ఒకటి చెప్పాలి. జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసే ఆపరేటర్‌ను, బ్యాచ్ రికార్డులో టైమ్ దిద్దాడని తీసేశారు. చార్జిషీటు ఇచ్చిన ప్లాంటు పెద్దే తర్వాత అప్పీలు విన్నాడు. దిద్దిన మాట నిజం, సంతకం మావాడిదే. అయినా అప్పట్లో మన చేతిలో పారిశ్రామిక వివాదాల చట్టంలోని 11-ఏ సెక్షన్ ఉండేది. తప్పు రుజువైనా, శిక్ష తప్పుకు మించి ఉంటే లేబర్ కోర్టు దాన్ని తగ్గించవచ్చు. రెండు ఇంక్రిమెంట్ల కోతతో మనిషిని మళ్లీ పనిలోకి తీసుకున్నారు.

అమెరికాలో ఒప్పందం ప్రకారం ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) ఇచ్చిన అవార్డు, అంటే తీర్పు, కోర్టుకు వెళితే ఇంత చోటుండదు. అప్పీలు వినే గుడెల్ కూడా ఆ లెక్కన ఆర్బిట్రేటరే. 1960లో ఉక్కు కార్మికుల యూనియన్ కేసుల్లో సుప్రీం కోర్టు ఒకే రోజు మూడు తీర్పులిచ్చింది. అవార్డు ఒప్పందంలోంచి పుట్టినదైతే చాలు, మంచీ చెడ్డా కోర్టులు చూడకూడదన్నది సారాంశం. 2001లో స్టీవ్ గార్వీ అనే బేస్‌బాల్ ఆటగాడి కేసులో ఇంకో అడుగు ముందుకేసి, ఆర్బిట్రేటర్ తెలివితక్కువగా వాస్తవాలు తేల్చినా సరే, అదొక్కటే కారణంగా కొట్టేయలేమంది. 1960లో కోర్టుల్ని దూరం పెట్టమని పోరాడింది యూనియనే. అప్పట్లో కోర్టులు యజమానుల పక్షమని కార్మికుల భయం. యాభై అయిదేళ్ల తర్వాత అదే గోడ ఒక యూనియన్‌కే అడ్డు నిలిచింది.

జూన్ 23న గుడెల్ ముందు పది గంటలు విచారణ జరిగింది. జులై 28న శిక్షను ఖాయం చేశాడు. ఆ ఆర్డరులో బోస్టన్ గుండె జారిన సంగతి ఒకటుంది. వెల్స్ ప్రశ్నించే సమయానికి కాస్త అటూ ఇటూగా బ్రాడీ తన పాత ఫోన్ పగలగొట్టించాడు. అందులో దాదాపు పది వేల మెసేజీలున్నాయి. కొత్తది కొన్నప్పుడల్లా పాతది నాశనం చేయించడం తనకు అలవాటన్నాడు. కావచ్చు. కానీ ఎంక్వయిరీ నడుస్తున్నప్పుడు క్లయింట్ ఫోన్ మార్చాడంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టదు.

అదే ఆర్డరులో అభిమానులు పెద్దగా పట్టించుకోని మార్పు ఒకటి జరిగింది. వెల్స్ అన్నది "తెలిసి ఉండాలి" అని. గుడెల్ దాన్ని "పాల్గొన్నాడు, ప్రోత్సహించాడు" దాకా లాగాడు. శిక్షను స్టెరాయిడ్లు వాడినవాళ్లకు వేసే నాలుగు మ్యాచ్‌లతో పోల్చాడు. చార్జిషీటులో ఒకటి, ఆర్డరులో మరొకటి. నా పెన్ను అక్కడ ఎర్ర గీత గీసింది.

కోర్టు మెట్లు

ఆర్డరు వచ్చిన రోజే లీగ్ పరుగున వెళ్లి మన్‌హటన్ ఫెడరల్ కోర్టులో ఆ ఆర్డరును ఆర్బిట్రేషన్ అవార్డుగా ధ్రువీకరించమని దావా వేసింది. యూనియన్ మిన్నెసోటాకు వెళ్లింది, ఎందుకంటే అంతకుముందు అక్కడ ఏడ్రియన్ పీటర్సన్ అనే ఆటగాడి కేసులో దానికి అనుకూలంగా తీర్పు వచ్చింది. మిన్నెసోటా జడ్జి ఆ కేసును న్యూయార్క్‌కే పంపేశాడు.

న్యూయార్క్‌లో జడ్జి రిచర్డ్ బెర్మన్ రాజీకి గట్టిగా ప్రయత్నించాడు. ఆగస్టు 12న లీగ్ లాయర్‌ను, బ్రాడీకి నేరుగా ముడిపెట్టే సాక్ష్యమేదని నిలదీశాడు. ఆ రోజు కోర్టులో గీసిన బ్రాడీ బొమ్మ అసలు మనిషికి ఎంత దూరంగా ఉందంటే, రెండు శిబిరాలూ కలిసి నవ్వుకున్న సందర్భం ఆ ఏడాదిలో అదొక్కటే. బొమ్మ గీసినామె పాపం క్షమాపణ కూడా చెప్పింది. తమ్ముడు మాత్రం "జడ్జి మనవైపే ఉన్నాడక్కా" అని ఎగిరి గంతేశాడు. రాజీకి ఒప్పించాలనుకునే జడ్జి, తనకు మొండిగా కనిపించిన పక్షాన్ని గిల్లుతాడురా, దాన్ని తీర్పనుకోకు అన్నాను. ఈసారి నేనే తప్పయ్యాను. సెప్టెంబర్ 3న బెర్మన్ సస్పెన్షన్ కొట్టేశాడు. ఇంత శిక్ష పడుతుందని ఆటగాడికి ముందుగా నోటీసు లేదన్నాడు. లీగ్ టాప్ లాయర్ జెఫ్ పాష్‌ను ప్రశ్నించనివ్వలేదన్నాడు. దర్యాప్తు ఫైళ్లు ఇవ్వలేదన్నాడు. మనం సహజ న్యాయ సూత్రాలంటామే, అచ్చం అవే. వారం తర్వాత సీజన్ తొలి మ్యాచ్‌లో స్టేడియమంతా "రోజర్ ఎక్కడ?" అని అరిచింది. ఆయన రాలేదు.

2016 మార్చి 3న అప్పీలు కోర్టులో వాదనలు విన్నప్పుడే గాలి మారిందని తెలిసిపోయింది. ఏప్రిల్ 25న రెండవ సర్క్యూట్ కోర్టు ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపుగా బెర్మన్ తీర్పును తిరగేసింది. బ్రాడీ గాలి తీయించాడా లేదా అన్నది తాము తేల్చాల్సిన పనే కాదని మెజారిటీ జడ్జిలు పార్కర్, చిన్ రాశారు. ఒప్పందం కమిషనర్‌కు ఆ అధికారం ఇచ్చిందా? ఇచ్చింది. ఆయన దాని హద్దులోనే ఉన్నాడా? ఉన్నాడు. అంతే.

చీఫ్ జడ్జి కాట్జ్‌మన్ ఒప్పుకోలేదు. ఆయన భిన్నాభిప్రాయం నాకు ఆ మొత్తం కేసులో నచ్చిన కాగితం. అప్పీలులో గుడెల్ ఆరోపణనే మార్చేశాడని పట్టుకున్నాడు. ఇంకోటి, చేతులకు జిగురు రాసుకుని బంతి పట్టుకునేవాళ్లకు లీగ్ మొదటిసారి వేసే జరిమానా 8,268 డాలర్లు. బంతి పట్టు కోసం చేసే మోసానికి దగ్గరి పోలిక అది కదా, స్టెరాయిడ్లతో ఎందుకు పోల్చారని అడిగాడు. మా 11-ఏ వాదన మొత్తం ఆ ఒక్క అంకెలో ఉంది.

ఇక్కడ అభిమానులు ఊరుకోలేదు. ఆ ఏప్రిల్‌లోనే ఏడుగురు అభిమానులు పోయిన మొదటి రౌండు పిక్ తిరిగి ఇప్పించమని మసాచుసెట్స్ ఫెడరల్ కోర్టుకెక్కారు. కమిషనర్‌తో పాటు సొంత జట్టు ఓనర్ రాబర్ట్ క్రాఫ్ట్‌నూ ప్రతివాదిగా చేర్చారు, శిక్షకు తలొగ్గాడని కోపం. ఆ పిక్ రాలేదు, డ్రాఫ్ట్ అలాగే జరిగిపోయింది. టికెట్ కొన్నవాడికి జట్టు మీద ప్రేమ ఉంటుంది గానీ దావా వేసే హక్కు ఎక్కడిది? బ్రాడీ, యూనియన్ వేసిన పునర్విచారణ పిటిషన్‌కు మద్దతుగా ఫిజిక్సు, ఇంజినీరింగ్ ప్రొఫెసర్లు ఇరవై మందికి పైగా కోర్టుకు తమ వాదన రాసిచ్చారు. పైన నేను చేసిన లెక్కనే ఇంకా పకడ్బందీగా చేశారు. లెక్క సరైనదే. కాకపోతే ఆ కోర్టు అడగని ప్రశ్నకు అది జవాబు. జులై 13న పునర్విచారణ కుదరదన్నారు. రెండు రోజులకు బ్రాడీ ఇక పోరాడనన్నాడు.

చివర్లో నాకు ముచ్చటేసింది ఒకటుంది. ఆ మార్చిలోనే, కేసు ఇంకా నడుస్తుండగా, బ్రాడీ కాంట్రాక్టు తిరగరాసుకున్నాడు. 2016 మూల వేతనం పది లక్షల డాలర్లకు దించి, మిగతాది వేరే రూపంలో తీసుకున్నాడు. దాంతో నాలుగు మ్యాచ్‌లకు పోయింది దాదాపు 2,35,000 డాలర్లే. పాత కాంట్రాక్టైతే ఇరవై లక్షలు దాటేది. బయట జనం "గెలుస్తాం" అని టీషర్టులేసుకుంటుంటే, లోపలెవరో ఓటమికి కూడా లెక్క వేసి పెట్టారన్నమాట.

మన దగ్గరైతే

ఇదే కేసు హైదరాబాద్‌లో అయితే ఏమయ్యేదని తమ్ముడు అడిగాడు. మనకు అజారుద్దీన్ ఉన్నాడు. 2000 డిసెంబర్‌లో బీసీసీఐ జీవితకాల నిషేధం వేస్తే, 2012 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అది చెల్లదంది. పన్నెండేళ్లు. అప్పటికాయన రిటైరయ్యే వయసు దాటి, ఎంపీ కూడా అయ్యాడు. శ్రీశాంత్ కేసులో 2019 మార్చిలో సుప్రీం కోర్టు తప్పు జరిగిందన్న నిర్ధారణను ముట్టుకోకుండా, జీవితకాల శిక్షను మాత్రం పక్కన పెట్టి మళ్లీ ఆలోచించమంది. చివరకు అది ఏడేళ్లయింది. కాట్జ్‌మన్ చేయాలనుకున్న పని మన కోర్టులు చేయగలవు. కాకపోతే మన ఆటగాళ్లకు యూనియన్ లేదు, ఒప్పందం లేదు, అందుకే రిట్ పిటిషన్లు. బ్రాడీ కేసు మొదలు నుంచి చివరి దాకా పద్దెనిమిది నెలల్లో ముగిసింది. ఏది మేలో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

2017లో డల్లాస్ ఆటగాడు ఎజికీల్ ఎలియట్ ఆరు మ్యాచ్‌ల సస్పెన్షన్ మీద కోర్టుల చుట్టూ తిరిగి అదే గోడను గుద్దుకున్నాడు. 46వ ఆర్టికల్ రాసిచ్చిన ఆ మాటను యూనియన్ చివరకు కోర్టులో కాక బేరం బల్ల దగ్గర మార్చుకుంది, అదీ సగమే. 2020 ఒప్పందంలో వ్యక్తిగత ప్రవర్తన కేసులకు ఇరుపక్షాలూ కలిసి నియమించే స్వతంత్ర అధికారి వచ్చారు. 2022లో డిషాన్ వాట్సన్ అనే ఆటగాడి కేసు విని ఆరు మ్యాచ్‌లు వేసింది అలాంటి అధికారే. లీగ్ అప్పీలు చేసింది, రాజీలో అది పదకొండు మ్యాచ్‌లు, యాభై లక్షల డాలర్లయింది. బంతిలో గాలి లాంటి కేసులు మాత్రం ఇప్పటికీ కమిషనర్ చేతిలోనే.

గుడెల్ మళ్లీ ఫాక్స్‌బరోలో మ్యాచ్‌కి రావడానికి 2017 సెప్టెంబర్ 7 దాకా పట్టింది. ఈ మధ్యలో బ్రాడీ జట్టు 28-3తో వెనకబడి కూడా లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది. ట్రోఫీ ఇస్తున్న గుడెల్‌ను జనం హూటింగ్‌తో ముంచెత్తారు. ఆ సెప్టెంబర్ రాత్రి కోసం గుడెల్ మొహానికి జోకర్ ముక్కు తగిలించిన టవళ్లు వేలకు వేలు పంచారు. తమ్ముడు ఆఫీసు స్నేహితుడితో వెళ్లి, ఒకటి ఊపుతూ ఫొటో పంపాడు. ఆ రోజు కాన్సాస్ సిటీ చేతిలో 42-27తో ఓడిపోయారు. మర్నాడు వాడి మెసేజీలో కమిషనర్ ఊసే లేదు. "డిఫెన్స్ నాశనమైపోయింది అక్కా" అని మాత్రం ఉంది. మొన్న ఇంటికొచ్చినప్పుడు టవల్ ఏమైందని అడిగితే, కారు తుడుచుకుంటున్నానన్నాడు.